పర్లాకిమిడిలో బోర్డు లేని హోటల్: పుణుకులు, అల్లం టీ, ఉక్రెయిన్ యుద్ధం

టిఫిన్ కోసమే వచ్చేవాళ్లు పొద్దున్న ఎనిమిదిలోపు రండి. తొమ్మిదికల్లా ఇడ్లీ అయిపోతుంది, ఆ తర్వాత ఉప్మా, ఘుగుని (బఠాణీల కూర) తప్ప ఏమీ మిగలవు. ఉక్రెయిన్ యుద్ధం మీద వాదన కోసం వచ్చేవాళ్లు సాయంత్రం ఆరున్నరకి రండి. నేను ఎనిమిదేళ్లుగా రెండింటికీ వెళ్తున్నాను, అందుకే ఈ రివ్యూ కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

హోటల్‌కి బోర్డు లేదు, ఆన్‌లైన్ మ్యాపులో పేరూ లేదు. మా ఊరు ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే. స్టేషన్ నుంచి బజారులోకి వచ్చే దారిలో ఎరువుల కొట్లు దాటాక వేపచెట్టు కింద నీలం తలుపులు కనిపిస్తాయి, అదే. యజమానిని చిన్నాపెద్దా అందరం బాబాయ్ అనే పిలుస్తాం. ఆయన ఒడియా వాళ్లతో ఒడియాలో, కొండ మీంచి దిగి వచ్చిన సవర వాళ్లతో సవరలో, మాతో తెలుగులో మాట్లాడతాడు. బిల్లు మాత్రం ఎవరిదైనా పెదాలు కదుపుతూ తెలుగులోనే కూడతాడు.

ముందు పుణుకుల సంగతి. ఇడ్లీ పిండి పులిసిపోతే పుణుకులు వెయ్యడం అందరూ చేసేదే. బాబాయ్ పుణుకుల కోసమే విడిగా పిండి రుబ్బిస్తాడు, పచ్చిమిర్చి, జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి చేత్తోనే నూనెలోకి జారవిడుస్తాడు. అది అడుగుకి దిగి, ఒక్క క్షణం ఆగి, పైకి తేలి, ఎవరూ గరిటె పెట్టకుండానే బోర్లా తిరుగుతుంది. పైన కరకరలాడుతుంది, లోపల దూదిలా ఉంటుంది. పల్లీ చట్నీ మాత్రం పలచన, ఎన్నిసార్లు చెప్పినా మారలేదు. అల్లం టీ బాగుంటుంది, పంచదార తక్కువ కావాలంటే ముందే చెప్పాలి.

యుద్ధం ఈ హోటల్లోకి వచ్చింది కూడా ఆ బాణలి దారినే. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్లోకి దిగింది. మనం కొనుక్కునే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం అప్పటిదాకా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. ఒడెస్సా వైపు రేవులు మూతపడ్డాయి, నెల తిరిగేసరికి లీటరు ప్యాకెట్ రెండు వందలకి దగ్గరైంది. సరే పామాయిల్‌కి మారదాం అనుకుంటే ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది, మళ్లీ వదిలింది మే 23న. ఆ నెలల్లో బాబాయ్ పలక మీద సుద్దముక్కతో రాశాడు: ప్లేటుకి పుణుకులు ఎనిమిది కాదు, ఆరు. నల్ల సముద్రంలో ఓడలు ఆగిపోతే నా ప్లేట్లో రెండు తగ్గాయి. యుద్ధాల గురించి మనకెందుకు, ఎక్కడో ఉంది కదా అనేవాళ్లకి నేను ఈ పలక సంగతే చెప్తాను.

ఇక వాదన ఎలా జరుగుతుందో చెప్తాను. వెనక గదిలో పొడవాటి కడప రాయి బల్ల ఉంది, పది పన్నెండు మంది కూర్చోవచ్చు. బాబాయ్ పెట్టిన రూలు ఒక్కటే, కూర్చున్నవాళ్లు ఫోన్ బోర్లా పెట్టాలి. మొదటి వారంలో ఒక కుర్రాడు విమానాలని తుపాకులతో కూల్చేస్తున్న వీడియో చూపించాడు, అందరం నోరు తెరుచుకుని చూశాం, మర్నాడు తెలిసింది అది వీడియో గేమ్ అని. అప్పట్లో అలాంటివి ప్రపంచమంతా తిరిగాయి. ఆ రోజు నుంచి ఫోన్ బోర్లా. చెప్పదల్చుకున్నది నోటితో చెప్పాలి, లేదా బల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించాలి. నల్లటి రాయి మీద తెల్ల గీతతో నీపర్ నది గీస్తారు, కింద క్రిమియా ఒక ముద్దలా, కుడివైపు తూర్పు ప్రాంతాలైన దొనెత్స్క్, లుహాన్స్క్. నాలుగేళ్లుగా చూస్తున్నానేమో, కళ్లు మూసుకుని ఆ నది వంపు నేనూ గీయగలను. రాత్రి ఎనిమిదిన్నరకి బాబాయ్ తడిగుడ్డతో తుడిచేస్తాడు, ఇంక ఎవరూ మాట్లాడకూడదు, ఇళ్లకి పోవాలి.

అసలు ఈ హోటల్‌కి నేను అయిదు నక్షత్రాలు ఇచ్చేది ఖాతా పుస్తకం కోసం. అరువు లెక్కల పుస్తకమే, కానీ వెనక పేజీల్లో పందాలు ఉంటాయి. ఎవరు ఏం జరుగుతుందన్నారో తేదీ వేసి రాసి సంతకం పెట్టాలి. ఓడినవాళ్లు ఆ రోజు బల్లకి పుణుకులు పెట్టించాలి, డబ్బు పందెం లేదు. టీవీలో రోజూ జోస్యం చెప్పేవాళ్లు నిన్న ఏమన్నారో ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ పుస్తకం తీసి చూపిస్తారు. అంత నిజాయితీగా మాట్లాడుకునే చోటు మా ఊళ్లో ఇంకోటి నాకు తెలీదు.

మొదటి పేజీ 2022 ఫిబ్రవరి 24 సాయంత్రానిది. "కీవ్ మూడు రోజుల్లో పడిపోతుంది." పదకొండు మంది ఉంటే తొమ్మిది సంతకాలు. రష్యా ఆ రోజే కీవ్ పక్కన హొస్తొమెల్ విమానాశ్రయంలో సైనికులని దింపింది, కానీ వెనక నుంచి పెద్ద విమానాలు దిగేలా రన్‌వేని నిలబెట్టుకోలేకపోయింది. రోడ్డు మీద వచ్చిన వాహనాల వరస అరవై కిలోమీటర్లకి పైగా బారులు తీరి ఆగిపోయింది. ఏప్రిల్ మొదటి వారానికి కీవ్ చుట్టుపక్కల నుంచి రష్యా వెళ్లిపోయింది. తొమ్మిది మందీ కలిసి పుణుకులు పెట్టించారు.

తర్వాతి పేజీ మార్చిది, "రూబుల్ పని అయిపోయింది". పడమటి దేశాలు రష్యా దాచుకున్న విదేశీ నిధుల్లో సుమారు 300 బిలియన్ డాలర్లు స్తంభింపజేశాయి, డాలరుకి 120 రూబుళ్లు దాటింది. జూన్ ఆఖరుకి అదే రూబుల్ 50ల్లోకి వచ్చి కూర్చుంది. డబ్బు బయటికి పోకుండా రష్యా గట్టిగా బిగించింది, పైగా చమురు కొనేవాళ్లు దొరికారు. ఆ కొన్నవాళ్లలో మనమూ ఉన్నాం. యుద్ధానికి ముందు మన దిగుమతి చమురులో రష్యాది రెండు శాతం కూడా లేదు, తర్వాత మూడో వంతు దాటింది. పాతపట్నం వాళ్లు పెట్రోలు కోసం సరిహద్దు దాటి మా ఊరి బంకులకి వస్తారు, మా వైపు లీటరుకి కొన్ని రూపాయలు తక్కువ. ఆ క్యూలో నిలబడ్డ ఒకాయన బల్ల దగ్గరికొచ్చి అడిగాడు, రష్యా చవగ్గా ఇస్తుంటే మనకెందుకు తగ్గలేదు అని. 2022 మే నుంచి 2024 మార్చి దాకా బంకు ధర కదలలేదు, కదిలినప్పుడు రెండు రూపాయలు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ బల్ల దగ్గర సరైన జవాబు రాలేదు.

మూడో పేజీలో నా సంతకం ఉంది. 2022 సెప్టెంబరులో ఉక్రెయిన్ ఖార్కివ్ ప్రాంతంలో మెరుపులా ముందుకెళ్లింది, నవంబరు 11న ఖెర్సోన్ ఊరు తిరిగి తీసుకుంది. నేను ఉత్సాహంగా "వచ్చే ఆగస్టుకి క్రిమియా గుమ్మంలో ఉంటారు" అని రాశాను. రష్యా ఆ శీతాకాలమంతా కందకాలు తవ్వుకుంటూ, మందుపాతరలు పాతుకుంటూ కూర్చుందని నేను పట్టించుకోలేదు. 2023 జూన్‌లో మొదలైన ఉక్రెయిన్ దాడి రొబొతినె అనే చిన్న ఊరి దగ్గర ఆగిపోయింది. అదే జూన్ 24న రష్యా తరఫున పోరాడుతున్న వాగ్నర్ అనే ప్రైవేటు సైన్యం తిరగబడి మాస్కో వైపు బయల్దేరినప్పుడు ఇంకొకాయన "పుతిన్ దిగిపోతాడు" అని రాశాడు, సాయంత్రానికే వాళ్లు వెనక్కి తిరిగారు, రెండు నెలలకి వాళ్ల నాయకుడు ప్రిగోజిన్ విమాన ప్రమాదంలో పోయాడు. 2025 జనవరిలో "ట్రంప్ వచ్చాడు, ఇక ఆగిపోతుంది" అని నలుగురు రాశారు. ఆయన ఇరవై నాలుగు గంటల్లో ఆపుతానన్నాడు కదా. ఫిబ్రవరి 28న వైట్‌హౌస్‌లో జెలెన్‌స్కీతో అందరి ముందూ గొడవైంది, ఆగస్టు 15న అలాస్కాలో పుతిన్‌తో కూర్చున్నాడు, యుద్ధం ఆగలేదు. మళ్లీ పుణుకులు.

పుస్తకం మొత్తం తిరగేస్తే నాకు ఒకటి కనిపించింది. మేమందరం ఒక్కో దాన్ని పట్టుకుని జోస్యం చెప్పాం. ఒకరు సైన్యాన్ని చూశారు, ఒకరు డబ్బుని, ఒకరు నాయకుణ్ణి. రెండు వైపులా జనం ఎంతకాలం ఓర్చుకోగలరన్నది ఎవరూ లెక్కలో వేయలేదు. అది తూచే కాటా ఎవరి దగ్గరా లేదనుకోండి, కానీ యుద్ధాన్ని ఇంతకాలం నడిపిస్తున్నది అదే.

బల్ల దగ్గర రెండు పెద్ద గొంతులున్నాయి. ఒకరు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు, ఇంకొకరు ఫిరంగి దళంలో పనిచేసి వచ్చిన హవల్దారు గారు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు, అయినా ఒకరు రాకపోతే రెండోవారికి తోచదు. హవల్దారు గారి లెక్క సూటిగా ఉంటుంది: "రష్యా పద్నాలుగు కోట్ల జనం, ఉక్రెయిన్ యుద్ధం ముందు నాలుగు కోట్లు. గుండ్లు ఎవరు ఎక్కువ తయారు చేస్తే వాళ్లదే నేల. కార్గిల్లో బోఫోర్స్ ఫిరంగులు లేకపోతే ఏటయ్యేదో మాకు తెలుసు." మాస్టారు నవ్వుకుంటూ సుద్దముక్క అందుకుంటారు: "హవల్దారు గారూ, జనం లెక్కే అయితే అఫ్గానిస్తాన్‌లో పదేళ్లుండి సోవియట్ సైన్యం ఎందుకు వెనక్కొచ్చిందండీ? అమెరికా వియత్నాం నుంచి ఎందుకు పోయింది?" దానికి ఆయనన్న మాట నేను మర్చిపోలేను. "అఫ్గానిస్తాన్ వాళ్లకి పరాయి దేశం మాస్టారూ. ఉక్రెయిన్‌ని పుతిన్ పరాయి దేశం అనుకోవట్లేదు. ఇల్లు అనుకున్నోడు అంత తొందరగా ఒగ్గడు." మాస్టారు ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఉక్రెయిన్ వాళ్లకీ అదే ఇల్లు కదండీ" అన్నారు. ఆ సాయంత్రం టీలు చల్లారిపోయాయి.

హవల్దారు గారిలో నాకు నచ్చేది, తెలియనిది నేర్చుకుంటారు. మొదట్లో డ్రోన్లంటే పెళ్లిళ్లలో ఫోటోలు తీసేవి అనేవారు. ఇప్పుడు ఆయనే అందరికీ చెప్తారు, ముందు వరస నుంచి పది పదిహేను కిలోమీటర్ల లోతు దాకా పగటిపూట బండి కదిలితే చాలు, పై నుంచి చిన్న డ్రోన్ వచ్చి కొడుతుందని. సిగ్నల్ జామ్ చేస్తే ఆగిపోతాయి కదా అని అడిగితే, జామ్ కాకుండా సన్నటి ఆప్టికల్ ఫైబర్ దారం వదులుకుంటూ ఎగిరేవి వచ్చాయన్నారు. జేబులోంచి దారపు రీలు తీసి బల్ల చివర కట్టి, రెండో చివరకి నడుచుకుంటూ వెళ్లి చూపించారు. ఎంత పెద్ద సైన్యమైనా గుంపుగా కదల్లేదు, అందుకే ఊరు ఊరుకీ నెలలు పడుతోంది అని అప్పుడు మాకు అర్థమైంది. బఖ్‌ముత్ ఊరు తీసుకోవడానికి రష్యాకి 2023 మే దాకా పట్టింది, అవ్‌దీవ్‌కాకి 2024 ఫిబ్రవరి.

మాస్టారు కొరియా గురించి చెప్పినప్పుడు చాలామందికి అది కొత్త. అక్కడ 1951 జులైలో సంధి మాటలు మొదలయ్యాయి, సంతకాలయ్యేసరికి 1953 జులై 27. రెండేళ్లు మాట్లాడుకుంటూనే చంపుకున్నారు, గీత మాత్రం పెద్దగా కదల్లేదు. ఎక్కువ పేచీ యుద్ధ ఖైదీల దగ్గర వచ్చింది. ఆ ఖైదీల సంగతి చూసిన తటస్థ దేశాల కమిషన్‌కి పెద్ద మన జనరల్ తిమ్మయ్యే. శాంతి ఒప్పందం ఈ రోజుకీ లేదు, కాల్పుల విరమణ మాత్రమే. అయినా దక్షిణ కొరియా ఎలా ఎదిగిందో చూడండి అంటారు మాస్టారు, ఎందుకంటే అక్కడ అమెరికా సైన్యం ఉండిపోయింది. ఉక్రెయిన్‌కి 1994లో బుడాపెస్ట్‌లో కాగితం మీద హామీ ఇచ్చారు, అణ్వాయుధాలు ఇచ్చేస్తే సరిహద్దులు గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలు పెట్టాయి. 2014లో క్రిమియాని రష్యా లాగేసుకుంది. అందుకే గీత ఎక్కడ ఆగుతుందన్న దానికంటే, ఆగాక దాని వెనక ఎవరు నిలబడతారన్నదే అసలు ప్రశ్న అంటారాయన. ఈ విషయంలో నేను పూర్తిగా మాస్టారి పక్షం.

నా వంతు చెప్తాను. నేను ఎరువుల కొట్లో లెక్కలు చూస్తాను. పొటాష్ బస్తా 2022లో 1,700 రూపాయలకి వెళ్లింది. రైతులు నా మొహం మీదే తిట్టారు. అందరూ యుద్ధం వల్లే అన్నారు, కానీ బల్ల దగ్గర నేను చెప్పింది వేరు: పెరగడం యుద్ధానికి ముందే మొదలైంది. బెలారుస్ పొటాష్ లిథువేనియా రేవు క్లైపెడా మీదుగా సముద్రానికి చేరేది, ఆంక్షల తర్వాత 2022 ఫిబ్రవరి 1 నుంచి లిథువేనియా ఆ రైళ్లని ఆపేసింది. ఇరవై మూడు రోజుల తర్వాత యుద్ధం. పొటాష్‌లో రష్యా, బెలారుస్ రెండూ పెద్ద చేతులే. యూరియా ధర ప్రభుత్వం కట్టేసి ఉంచింది కాబట్టి రైతులు యూరియా ఎక్కువ వేసి పొటాష్ మానేశారు. ఆ ఏడు తాలు ఎక్కువ పడిందని, గింజ బరువు తగ్గిందని మా ఖాతాదార్లు చాలామంది చెప్పారు. యుద్ధం ఎవరు గెలుస్తారో టీవీ అడుగుతుంది, మా కొట్లో రైతు అడిగేది బస్తా ఎప్పుడు దిగుతుందని.

చైనా సంగతికొస్తే ఛత్రపూర్ దగ్గర సముద్రపు ఇసుక కంపెనీలో చేసి వచ్చిన మావయ్య ఒకాయన ఉన్నారు. ఇండియన్ రేర్ ఎర్త్స్ వాళ్లది, ఇసుకలోంచి ఇల్మనైట్, జిర్కాన్, మోనజైట్ వేరు చేస్తారు. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల అరుదైన ఖనిజాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసినప్పుడు మన కార్ల కంపెనీలకి కూడా వాటితో చేసే అయస్కాంతాల కొరత టెన్షన్ పట్టుకుంది. మావయ్య గుప్పెడు పంచదార బల్ల మీద పోసి, "ఇసుక మనకీ ఉంది. దీన్ని శుద్ధి చేసి, లోహం తీసి, అయస్కాంతం చేసే పని పదింట తొమ్మిది వంతులు వాళ్ల దగ్గరుంది" అన్నారు. అమెరికా, రష్యా ఫిరంగులు లెక్కపెట్టుకుంటుంటే చైనా ఇలాంటి తాళాలు చేతిలో పెట్టుకుని కూర్చుందని ఆయన నమ్మకం, నాకూ అదే అనిపిస్తుంది. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం యాభై శాతానికి చేరినప్పుడు, అందులో సగం రష్యా చమురు కొంటున్నామన్న పేరుతోనే. తీరంలో రొయ్యల చెరువున్న ఒకతను ఆ వారం వచ్చి టీ తాగి ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం. మా వీధిలోనే ఒకమ్మాయి ఖార్కివ్‌లో డాక్టరు చదువుతూ యుద్ధంలో చిక్కుకుని వచ్చింది. ఈ హోటల్ వెనక గదిలో ఆడవాళ్లు కూర్చోరు. రావొద్దని ఎవరూ అనలేదు, కానీ రాలేదు. ఒక సాయంత్రం వాళ్ల నాన్నతో పార్సిల్ కోసం వచ్చి, మావాళ్లు బల్ల మీద ఖార్కివ్ గీసి రష్యన్ మాట్లాడేవాళ్లంతా రష్యా వైపే అని వాదిస్తుంటే గుమ్మంలో నిలబడి వింది. "అంకుల్, ఒక్క నిమిషం" అంది. మాస్టారు లేచి తన కుర్చీ ఇచ్చారు.

ఆ అమ్మాయి సుద్దముక్క తీసుకుని ముందు మెట్రో స్టేషన్ గీసింది, కింద ఎన్ని రోజులు పడుకున్నారో చెప్పింది. 2022 మార్చి 2న మన ఎంబసీ వాళ్లు సాయంత్రం ఆరులోపు ఖార్కివ్ వదిలెయ్యండి, బండి దొరక్కపోతే నడిచైనా పొండి అని మూడు ఊళ్ల పేర్లు చెప్పారు. పిసోచిన్, బాబాయి, బెజ్‌ల్యుదివ్కా. "ఒక ఊరి పేరు బాబాయి, అది వినగానే ఈ హోటలే గుర్తొచ్చింది" అంది. పొయ్యి దగ్గర బాబాయ్ గరిటె ఆపేశాడు. ఆమె వెళ్లింది పిసోచిన్‌కి, పదకొండు కిలోమీటర్లు, మంచులో, భుజాన ఒక్క బ్యాగుతో.

తర్వాత హాస్టల్ ఆంటీ గురించి చెప్పింది. ఆవిడ పుట్టినప్పటి నుంచీ రష్యనే మాట్లాడేది, వీళ్లకి రష్యన్ నేర్పింది కూడా ఆవిడే. రష్యా సరిహద్దు అక్కడికి సుమారు ముప్ఫై కిలోమీటర్లు, అటువైపు చుట్టాలున్నారు. బాంబులు పడ్డాక ఆవిడ పట్టుబట్టి ఉక్రెయిన్ భాషలో మాట్లాడ్డం మొదలుపెట్టింది, తడబడుతూ. అమ్మాయి మా అందరి వైపు చూసి అడిగింది: "అంకుల్, మనం తెలుగు మాట్లాడతాం. రేపెవరైనా వచ్చి, తెలుగు మాట్లాడుతున్నారు కాబట్టి మిమ్మల్ని విడిపించడానికి వచ్చాం అని మన ఇళ్ల మీద బాంబులేస్తే?"

పర్లాకిమిడి వాడికి ఈ ప్రశ్న ఎక్కడ తగులుతుందో బయటివాళ్లకి కొంచెం చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా జమీందారీ మధ్యలోంచి గీత వెళ్లింది, ఊరు ఇటు, ఊళ్లు చాలా అటు. ఒడియా వాళ్లకి రాష్ట్రం కావాలని లండన్ దాకా వెళ్లి అడిగిన మహారాజా కృష్ణచంద్ర గజపతి మా ఊరివాడే, వాడుక తెలుగు కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లో పాఠాలు చెప్పినవారే. ఆ ఏడే గిడుగు వారు ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మా ముత్తాత ఉండిపోయాడు. మా ఇంట్లో పిల్లలు ఒడియాలో చదువుతారు, అన్నం దగ్గర తెలుగు మాట్లాడతారు, ఓటు ఇక్కడేస్తారు, పిల్లనివ్వడం తెచ్చుకోవడం పాతపట్నం, టెక్కలి వైపు. తెలుగు బడులు తగ్గిపోతున్నాయన్న బాధ నాకుంది, గట్టిగానే ఉంది. ఆ బాధ నాది, దాన్ని అడ్డం పెట్టుకుని వేరెవరో ఫిరంగి తెస్తే నేనూరుకోను. కొరాపుట్ వైపు కొఠియా ఊళ్ల కోసం ఒడిశా, ఆంధ్ర 1968 నుంచి కోర్టు కెక్కాయి, అక్కడి జనానికి రెండు రేషన్ కార్డులు, రెండు చోట్లా ఓట్లు. మనకి అది కాగితాల తగాదా, వాళ్లకి చావు బతుకులు, రెండూ ఒకటని నేననను. కానీ 2022 సెప్టెంబరులో రష్యా ఉక్రెయిన్‌లోని నాలుగు ప్రాంతాల్లో తుపాకుల మధ్య ఓటింగ్ పెట్టి మావే అనేసినప్పుడు, అది ఓటు కాదని చెప్పడానికి మా బల్ల దగ్గర ఎవరికీ పుస్తకాలు అక్కర్లేకపోయింది.

ఆ రాత్రి బాబాయ్ పుస్తకం తెచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టాడు, నువ్వూ రాయమ్మా అని. ఆమె మిగతా చదువు జార్జియాలో పూర్తి చేసింది, మన మెడికల్ కమిషన్ 2022 సెప్టెంబరులో అలా మారడానికి ఒప్పుకుంది, పట్టా మాత్రం మొదట చేరిన ఉక్రెయిన్ కాలేజీదే. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని ఒకే లైను రాసింది: "మళ్లీ ఖార్కివ్ వెళ్లి ఆంటీకి నా పట్టా చూపిస్తాను." తేదీ వెయ్యలేదు. అది జరగదనేవాళ్ల ఎదురు సంతకం కోసం పుస్తకం బల్ల చుట్టూ తిరిగింది, హవల్దారు గారితో సహా ఎవరూ పెట్టలేదు.

నా తాజా పందెం కూడా రాసిపెడుతున్నాను, తప్పైతే పుణుకులు నావి. ఎవరూ పూర్తిగా గెలవరు. ఉక్రెయిన్‌లో అయిదో వంతు నేల రష్యా చేతుల్లో ఉంది, అందులో ఎక్కువ భాగం ఇప్పట్లో తిరిగిరాదు. కీవ్ మాత్రం రష్యాది కాదు. సైన్యాలు అలిసిపోయిన చోట గీత ఆగుతుంది, దాన్ని ఎవరూ సరిహద్దు అని ఒప్పుకోరు. పడమటి దేశాల సైనిక కూటమి నాటో దగ్గరికి రాకూడదని మొదలుపెట్టిన యుద్ధం వల్ల ఫిన్లాండ్ 2023లో, స్వీడన్ 2024లో నాటోలో చేరాయి, ఆ లెక్కలో రష్యా ఇప్పటికే ఓడింది. హవల్దారు గారు దీనికి ఎదురు సంతకం పెట్టారు, ఆయన లెక్కలో దొనెత్స్క్ మొత్తం పోతుంది, ఆ తర్వాతే సంధి.

లోపాలు కూడా చెప్పాలి. వెనక గదిలో ఫ్యాన్ ఒక్కటే, మే నెలలో కూర్చోలేం. చేతులు కడుక్కునే చోట నీళ్లు నిలుస్తాయి. ఇద్దరు పాత స్నేహితులు పోయినేడు పుతిన్ గురించి మాటా మాటా అనుకుని ఇప్పటికీ పలకరించుకోవట్లేదు, వాళ్లని కలపడానికి బాబాయ్ ఇంకాస్త గట్టిగా ప్రయత్నించి ఉండాల్సింది. ఆడపిల్లలు కూర్చోవడానికి ముందు గదిలో ఒక బల్ల వెయ్యమని మాస్టారూ నేనూ అడిగాం, దసరా తర్వాత చూద్దాం అన్నాడు. దసరా వెళ్లిపోయింది, మళ్లీ అడుగుతాం.

టీ పది, పుణుకులు ప్లేటు ముప్ఫై, ఇప్పుడు మళ్లీ ఎనిమిది ఇస్తున్నాడు. ఫోన్‌పే ఉంది గానీ నెట్ సరిగ్గా పట్టదు, చిల్లర తెచ్చుకోండి. గురువారం సాయంత్రం సంత జనం ఎక్కువ, బల్ల దొరకదు.